క్షౌరకత్తినుండి విద్యుద్యంత్రమునకు

పొదిలోని కత్తిని తోలుపట్టెపై నూరి, నీటితో గడ్డమును మెత్తబఱచి, అరుగుమీద మంగలి యొనరించెడి క్షౌరమునకు తెలుగు పల్లెలలో ప్రతిఫలము తఱచుగా నాణెములు గాక, కళ్లమునాడు కొలిచి యిచ్చెడి ధాన్యపు మేరయై యుండెను. 1931లో అమెరికా దేశీయుడగు జాకబ్ షిక్ పొడిక్షౌరపు విద్యుద్యంత్రమును విపణికి దెచ్చిన పిమ్మట, ఈ నిత్యకృత్యము క్రమముగా కరెంటు లెక్కలోనికిని ప్రవేశించెను.

1000 వాట్ల శక్తిని ఒక గంట వాడిన ఒక యూనిట్ అగును గనుక, 10 వాట్ల క్షౌరయంత్రమును దినమునకు 10 నిమిషములు నడపినను, ఒక యూనిట్ వ్యయమగుటకు 20 మాసములు పట్టును; 1000 వాట్ల హెయిర్ డ్రయ్యరో, దినమునకు 6 నిమిషములు తిరిగినంతనే నెలకు 3 యూనిట్లు హరించును.

కదలికకు స్వల్పమును, వేడిమికి అధికమును విద్యుత్తు వలయునన్న సత్యము నెఱిగినచో, ఎండలో కురులార్చుకొని సాంబ్రాణి ధూపము పట్టించుకొనిన మన తల్లుల ఆచారమందలి మితవ్యయము నేటికిని ఆదరణీయమని తోచకమానదు.