ఆకాశమునకు అనుమతి పత్రము

ఆకాశమునకు హద్దులు లేవందురు. కాని అందులో విమానము నడుపువానికి హద్దులు నేలమీదనే కలవు. అమెరికా ప్రాంతీయ విమాన సంస్థలలో ఉద్యోగము కోరిన విదేశ పైలట్ల చరిత్ర ఇందుకు నిదర్శనము.

ఈ ప్రాంతీయ సంస్థలు ఎట్టివో ముందుగా తెలిసికొందము. పెద్ద కంపెనీల పేరును, రంగులను ధరించి, చిన్న పట్టణముల ప్రయాణికులను పెద్ద విమానాశ్రయములకు చేరవేయుట వీని పని. 1978లో అమెరికా ప్రభుత్వము విమాన సంస్థలపై నియంత్రణను తొలగింపబూనిన పిమ్మట ఇవి విస్తరిల్లినవి. కొత్త పైలట్లు ఇచ్చట స్వల్ప వేతనముతో కొన్నియేండ్లు పనిచేసి, అనుభవము గడించి, పెద్ద కంపెనీలకు తరలిపోవుట ఆచారమైనది.

2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి బఫలో నగర సమీపమున కోల్గన్ సంస్థ విమానము కూలి 50 మంది మరణించిరి. మృతుల బంధువులు పట్టువిడువక పోరాడగా, 2010లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టము చేసినది. దాని ననుసరించి 2013 నుండి సహ పైలట్‌కును సాధారణముగా 1,500 గంటల అనుభవము ఉండవలెను. అంతకుముందు 250 గంటలు చాలియుండెను. కూలిన విమానమును నడిపిన ఇరువురికిని 1,500 గంటలకు మించిన అనుభవమే యుండెనన్నది గమనింపదగిన సంగతి. అనుభవపు నిబంధన పెరిగినంత త్వరగా వేతనము పెరుగలేదు. కొత్తవారు చాలక సంస్థలు విదేశములవైపు చూచినవి.

మన తెలుగు ఇండ్లలో హెచ్-1బి అను మాట ఎరుగనివారు అరుదు. ఆ వీసా అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ పనికి విశ్వవిద్యాలయ పట్టము తప్పనిసరియా? విమానము నడుపుటకు కావలసినది లైసెన్సు, అభ్యాసము, పట్టము కాదు. కావున వేల గంటలు ఎగిరినవానికిని ఆ తలుపు సామాన్యముగా తెరచుకొనదు.

2004లో అమెరికా, ఆస్ట్రేలియాల నడుమ వాణిజ్య ఒప్పందము కుదిరినది. మరుసటి యేట ఆస్ట్రేలియనులకే ప్రత్యేకముగా ఇ-3 అను వీసా ఏర్పడినది. ఏటా 10,500 వీసాలు, రెండేండ్ల గడువు, పలుమారులు పొడిగించుకొనవచ్చును. ఇందును పట్టపు నిబంధన కలదు. అయినను కోవిడ్‌కు ముందు యేండ్లలో కొన్ని ప్రాంతీయ సంస్థలు ఈ దారిని ఆస్ట్రేలియా పైలట్లను చేర్చుకొన్నవి. కొరత పైలట్లకు కాదు, మంచి వేతనములకని అమెరికా పైలట్ల సంఘము వాదించినది.

2020లో కోవిడ్ వ్యాపించగా, ట్రాన్స్ స్టేట్స్, కంపస్ అను ప్రాంతీయ సంస్థలు ఏప్రిల్‌లోనే మూతపడినవి. ఉద్యోగము పోయిన ఇ-3 వీసాదారునకు నిబంధనలిచ్చు గడువు గరిష్ఠముగా 60 దినములు. ఆలోగా మరియొక యజమానిని వెదకుకొనవలెను. లేనిచో కాపురమెత్తి స్వదేశము చేరవలెను. ఎగిరిన గంటలు పుస్తకములో నిలుచును గాని, బడికి పోవు బిడ్డలకు నీడనియ్యవు. రెండేండ్లు గడువకమునుపే కొరత మరల తలయెత్తినది. 2022 జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన మూడు ప్రాంతీయ సంస్థలు కొత్త సహ పైలట్‌కు గంటకు 90 డాలర్లు చెల్లింప నంగీకరించినవి.

ఒకే విమానమును నడుప నర్హులైన ఇద్దరిలో ఒకరికి ప్రవేశము లభించినది, మరియొకరికి లభింపలేదు. భేదము నేర్పులో లేదు, పాస్‌పోర్టులో కలదు. విదేశ ఉద్యోగమునకు బయలుదేరు మన యువకులును, వారిని సాగనంపు తలిదండ్రులును, తలుపు తెరచిన ఒప్పందమేదో, అది మూసికొన్ననాడు మిగులు గడువెంతయో ముందుగా విచారించుకొనుట మేలని మేము తలంచుచున్నాము.