విద్యార్థి వచనరచన: వ్యాకరణము, విరామచిహ్నములు

కళాశాల విద్యార్థి తన వచనరచనను మెరుగుపఱచుకొనదలచినపుడు సాధారణముగ రెండు లక్ష్యములను పేర్కొనును. వ్యాకరణదోషములు లేకుండ వ్రాయుట ఒకటి; విరామచిహ్నములను తగినచోట నుంచుట రెండవది. ఈ రెండును ఒకే ఊపిరిలో చెప్పబడుచున్నను, తెనుగున వీని చరిత్రలు వేఱు. 13వ శతాబ్దిలో కేతన ‘ఆంధ్రభాషాభూషణము’ను రచించిన నాటికే మనకు దేశభాషలో వ్యాకరణము కలదు. విరామచిహ్నములో, అచ్చుతో వచ్చి స్థిరపడినవి. మొదటిదానిని గూర్చి ఘోరవివాదములు జరిగినవి. రెండవది చడిచప్పుడు లేక మన పుటలలో ప్రవేశించినది. ఈ చరిత్రలను కలిపి చూచినగాని నేటి విద్యార్థి లక్ష్యము ఎట్టిదిగ నుండవలయునో తేలదు.

తాళపత్రములలో పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యాంతమున నిలువుగీతలు కానవచ్చునేగాని వాక్యమునందలి అంగములను విడదీయు గుర్తులు లేవు. ఇందుకు లేఖకుల అశ్రద్ధ కారణము కాదు. పద్యమున యతిప్రాసలును గణములును చదువరికి దారిచూపును. వచనమునను భాషయే చాలవఱకు ఆ పని చేయును. సమాపకక్రియ వాక్యాంతమును దెలుపును. క్త్వార్థకము, చేదర్థకము మున్నగు అసమాపకక్రియలు ఉపవాక్యముల హద్దులను దెలుపును. ‘తల్లి వచ్చునా అని పిల్లవాడు అడిగెను’ అన్న వాక్యమున ప్రశ్నను ‘ఆ’ అను ప్రత్యయమును, అనుకరణమును ‘అని’ అను అవ్యయమును తెలుపుచున్నవి. ప్రశ్నార్థకచిహ్నము గాని ఉద్ధరణచిహ్నములు గాని లేకున్నను అర్థమునకు లోపము లేదు.

పరవస్తు చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’ను, 1858లో ‘బాలవ్యాకరణము’ను ప్రకటించెను. సంజ్ఞాపరిచ్ఛేదము మొదలు ప్రకీర్ణకము వఱకు గల పది పరిచ్ఛేదములలో విరామచిహ్నములకు చోటు లేదు. అయినను గద్యమున వాక్యావసానమందు సంధి లేకున్నను దోషము కాదని ఆయన అంగీకరించెను. ఈ సూత్రము సంధివిషయమున సడలింపుగనే సాధారణముగ బోధింపబడుచున్నది. కాని వాక్యము ముగిసినచోట గొంతు ఆగునన్న సత్యమును వ్యాకరణము గుర్తించుట ఇందు గలదు. నేడు బిందువు చేయుచున్న పనికి శాస్త్రమున ఉన్న ఆధారము ఇదియే. విరామము వ్యాకరణమునకు బయటి వస్తువు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కఱలేదు.

అటుపిమ్మట విద్యార్థి వ్రాత పరీక్షావిషయమైనది. 20వ శతాబ్ది తొలినాళ్లలో మదరాసు విశ్వవిద్యాలయమున ఇంటర్మీడియేటు తరగతులకు దేశభాషావ్యాసరచన ప్రవేశించుటతో, ఆ వ్యాసము ఏ భాషలో నుండవలెనన్న ప్రశ్న పుట్టినది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులు గ్రాంథికమును సమర్థించెను. గిడుగు వేంకట రామమూర్తి 1913లో ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనపత్రమును ప్రకటించెను. విశ్వవిద్యాలయము నియమించిన సంఘమున గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిపత్రమును సమర్పించెను. వాదమెంత విపులమైనదైనను, దాని ఫలితమును అనుభవింపవలసినవాడు పరీక్షామందిరమున కూర్చున్న విద్యార్థి. అతని వ్యాకరణలక్ష్యము అప్పుడు అరసున్నలకును, బండిఱాలకును, ద్రుతకార్యములకును కుదించుకొనిపోయెను.

ఈ భేదములు నిరర్థకములని చెప్పరాదు. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. ‘అరుగుట’ పోవుట, ‘అఱుగుట’ జీర్ణమగుట. అయినను వాడుకలో ఉచ్చారణభేదము నశించినపిమ్మట వీనిని విద్యార్థి చెవితో గుర్తింపజాలడు; కంఠస్థము చేయవలసినదే. గ్రాంథికమును నిర్బంధించిన పండితులు సైతము తమ వచనమున లక్షణమును తప్పిన చోట్లను గిడుగువారు ‘గద్యచింతామణి’లో రాశిపోసి చూపిరి. గురువులకే అలవడని నియమము శిష్యునికి లక్ష్యమైనపుడు, అతని దృష్టి చెప్పదలచిన విషయమును వీడి తప్పు పడునేమో యన్న భయముపై నిలుచును. ఆ వివాదమునుండి బోధకులు గ్రహింపవలసిన ముఖ్యవిషయము ఇది.

అంత తీవ్రమైన చర్చలోను విరామచిహ్నములు వివాదవస్తువు కాలేదు. ఉభయపక్షములవారును వానిని వాడిరి. అందుచేతనే కాబోలు వానికి తెనుగు వాక్యమును బట్టి నియమములు ఏర్పఱచు శ్రద్ధ చాలలేదు. నేటికిని ఒకే గుర్తును ఒకరు బిందువనియు, ఒకరు పూర్ణవిరామమనియు, ఒకరు ఫుల్‌స్టాపనియు పిలుచుచున్నారు. విద్యార్థి ఆంగ్లతరగతిలో నేర్చిన నియమములనే తెనుగునకు అంటగట్టుకొనుచున్నాడు. ‘చదివి, వ్రాసి, పరుండెను’ అనుచోట క్త్వార్థకములే విభాగమును జేసినవి, కామాలు వ్యర్థములు.

వ్యర్థతకంటె ప్రమాదకరమైనది దోషమును కప్పిపుచ్చుట. ‘ఈ కవి గుంటూరులో జన్మించి, ఆయన గ్రంథములు ప్రసిద్ధికెక్కినవి’ అని ఒక విద్యార్థి వ్రాసెననుకొందము. క్త్వార్థకమునకును సమాపకక్రియకును కర్త ఒక్కడే కావలెనన్న నియమము ఇచట భగ్నమైనది. నడుమనున్న కామా ఆ పగులును కనబడనీయదు. ‘ఈ కవి గుంటూరులో జన్మించెను. ఆయన గ్రంథములు ప్రసిద్ధికెక్కినవి’ అని దిద్దినచో బిందువుతోపాటు వ్యాకరణమును కుదురుకొనును. ఇక ‘నిన్న వచ్చిన విద్యార్థి తండ్రి’ అనునెడ వచ్చినవాడు విద్యార్థియా, తండ్రియా? ‘నిన్న వచ్చిన, విద్యార్థి తండ్రి’ అన్నచో సందేహము తీరును. సమాసమును కలిపి వ్రాయుటచే పూర్వులు సాధించిన స్పష్టతను, పదములను విడదీసి వ్రాయు మనము స్వల్పవిరామముచే సాధింపవలసియున్నది.

కావున విద్యార్థి లక్ష్యములు రెండు కావు, ఒక్కటే: తన వాక్యమున కర్త యెవరో, క్రియ యేదో, విశేషణము దేనికి చెందునో తాను ఎఱిగియుండుట. అది తెలిసినవాడు చిహ్నమును ఎచట నుంచవలెనో, ఎచట మానవలెనో తానే నిర్ణయించుకొనగలడు. తెలియనివానికి చిహ్నముల పట్టికయు సూత్రముల పట్టికయు ఒక్కతీరుననే భారమగును. బోధకుడు వ్యాసపత్రమున తప్పును గుర్తించి ఊరకొనక, ఆ వాక్యమును విద్యార్థిచేత బిగ్గరగ చదివించి, ఎచట ఆగెనో, ఏల ఆగెనో అడుగుట మేలు. వాక్యావసానమును గూర్చిన సూరి సూత్రము తరగతిలో సజీవమగుటకు ఇది సులభమైన మార్గము.