నాలుగో నాళం నిజంగా అరుదా?

పై దవడ మొదటి పెద్ద దంతానికి మూడు వేర్లు, మూడు నాళాలు అని లెక్క చెబుతుంటారు. వేర్ల మాట చాలావరకు నిజమే. అనుమానమంతా నాళాల దగ్గరే. బుగ్గవైపు ముందు వేరులో ఎంబీ2 అనే రెండో నాళం చాలామందికి ఉంటుంది. దీన్ని అసాధారణం అనడానికి కారణం పంటి నిర్మాణమా, మన కంటికి ఆనకపోవడమా?

2002లో బర్లీ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఈ పళ్లకు మైక్రోస్కోపుతో చికిత్స చేసినవారు 71.1 శాతం, లూప్స్ (కళ్లకు పెట్టుకునే భూతద్దాలు) పెట్టుకున్నవారు 62.5 శాతం, ఉత్త కంటితో చూసినవారు 17.2 శాతం పళ్లలో ఎంబీ2ను పట్టుకున్నారు. అయితే ఎవరు ఏది వాడాలో చీటీలు తీసి నిర్ణయించలేదు. మైక్రోస్కోపు కొనుక్కున్న వైద్యుడు మొదటినుంచీ ఓపిగ్గా వెతికే మనిషే కావచ్చు. కాబట్టి తేడా మొత్తాన్ని అద్దాల ఖాతాలో వేయలేం. లూప్స్ కూడా పెద్దగా వెనకబడలేదు. మైక్రోస్కోపు కొనలేని క్లినిక్‌కు ఇది ఊరట.

ఆ నాళాన్ని వదిలేస్తే? 2016లో కరాబుచక్ బృందం రూట్ కెనాల్ పూర్తయిన 1,397 పళ్లను సీబీసీటీ (త్రిమితీయ ఎక్స్‌రే) స్కాన్లలో పరిశీలించింది. సుమారు 23 శాతం పళ్లలో ఏదో ఒక నాళం చికిత్స లేకుండా మిగిలిపోయింది. అలాంటి పళ్ల వేరు కొన దగ్గర ఎముక కరిగిన ఆనవాలు ఉండే అవకాశం 4.38 రెట్లు ఎక్కువని లెక్కగట్టారు. సంబంధం గట్టిదే, కానీ అది ఒక్కసారి తీసిన స్కాన్. ఆ ఆనవాలు పెరుగుతోందో మానుతోందో అందులో తెలియదు. పంటి పై ఫిల్లింగ్ లీకవడం వంటి కారణాలూ ఉండొచ్చు.

ఎంబీ2 ద్వారం సాధారణంగా అదే వేరులోని మొదటి నాళమైన ఎంబీ1కు అంగిలివైపు, కాస్త ముందుకు జరిగి, డెంటిన్ అంచు కింద దాక్కుంటుంది. ఆ అంచును అల్ట్రాసోనిక్ మొనతో కొద్దికొద్దిగా తీయాలి. అతిగా తవ్వితే పంటికి రంధ్రం పడే ప్రమాదముంది. అదనపు నాళాల అవకాశం ఉన్న పళ్లకు చిన్న పరిధి సీబీసీటీని మొదటి ఎంపికగా చూడాలని అమెరికా ఎండోడాంటిస్టుల, నోటి రేడియాలజిస్టుల సంఘాలు 2015లో సూచించాయి. అయినా ప్రతి పంటికీ స్కాన్ అవసరమని నేననుకోను. రేడియేషన్ కొద్దిదైనా లెక్కలోదే.

కింది రెండో పెద్ద దంతంలో సి ఆకారపు నాళానిది వేరే సమస్య. 1979లో కుక్, కాక్స్ వర్ణించిన ఈ రూపం తూర్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ. అక్కడ నాళం దొరకడం కన్నా దాని సన్నని రెక్కల్ని శుభ్రం చేయడమే కష్టం.

ఎంబీ2 విషయానికొస్తే, స్కాన్‌లో ఆనవాలు లేక, పంటి గది అడుగున కనిపించే గాడి కూడా ఆగిపోతే తవ్వకం అక్కడే ఆపాలి. ఆ సంగతి రోగికి చెప్పి, ఏడాదికి మళ్లీ ఎక్స్‌రే తీసి చూడటం మేలు.