జోఫ్‌ను దాటిన బంతి: ఇమ్మాన్యుయేల్ సనోన్, హైతీ ఫుట్‌బాల్

హైతీ ఫుట్‌బాల్‌లో ఇమ్మాన్యుయేల్ సనోన్‌కు దక్కిన జనాదరణను అతడు చేసిన గోల్స్ లెక్కతో కొలవడం సాధ్యం కాదు. వాటిలో ఒక గోల్ ఎవరిపై, ఏ కాలంలో పడిందన్నదే ఆ ఆదరణకు అసలు ఆధారం. 1951లో పోర్టో ప్రిన్స్‌లో పుట్టి డాన్ బాస్కో క్లబ్‌లో ఎదిగిన సనోన్ ఫార్వర్డ్, అంటే ప్రత్యర్థి గోల్‌కు చేరువగా ఆడుతూ గోల్స్ చేయడమే ప్రధాన బాధ్యతగా గల ఆటగాడు. అభిమానులకు అతడు ‘మన్నో’.

1974 ప్రపంచకప్‌లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతానికంతటికీ ఒక్క చోటే ఉండగా, దాన్ని తేల్చే ఆరు జట్ల పోటీ 1973 చివర్లో పోర్టో ప్రిన్స్‌లోనే జరిగింది. 1928 ఒలింపిక్స్ లాంగ్‌జంప్‌లో రజతం గెలిచిన హైతీ క్రీడాకారుడు సిల్వియో కాటర్ పేరిట వెలసిన స్టేడియం అందుకు వేదిక. హైతీ నెగ్గింది, నియంత జాన్-క్లోడ్ డువాలియే ప్రభుత్వం ఆ గెలుపును తన ప్రతిష్ఠకు వాడుకుంది. ట్రినిడాడ్ అండ్ టొబాగో జట్టు చేసిన పలు గోల్స్ చెల్లవని రిఫరీ తేల్చినందువల్ల ఆ గెలుపుపై పడిన అనుమానాన్ని చరిత్ర రాసేవారు దాటవేయడం న్యాయం కాదు. అయితే హైతీ జట్టులో నిజంగానే పస ఉందని మరుసటి వేసవిలో మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచకప్ మ్యాచ్ నిరూపించింది.

1974 జూన్ 15న హైతీకి ఎదురుపడిన ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్, 1972 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. ప్రథమార్ధంలో హైతీ గోల్‌కీపర్ ఆన్రీ ఫ్రాన్సియోన్ ఇటలీ దాడులను ఒకదాని వెంట ఒకటి అడ్డుకుని స్కోరును 0-0 వద్ద నిలిపాడు. విరామం ముగిసిన వెంటనే, సహచరుడు ఫిలిప్ వోర్బ్ డిఫెండర్ల వెనక్కి పంపిన బంతి కోసం దూసుకెళ్లిన సనోన్, వెంటపడిన ఇటలీ డిఫెండర్ స్పినోసికి అందకుండా పరుగెత్తి, ముందుకొచ్చిన జోఫ్‌ను పక్కనుంచి తప్పించుకుని, ఖాళీ గోల్‌లోకి బంతిని తన్నాడు. 1,142 నిమిషాల రికార్డు అక్కడితో ఆగింది.

ఇటలీ తేరుకుని 3-1తో గెలిచింది. ఆ తరువాత, నిషేధిత ఉత్ప్రేరకం వాడినట్టు పరీక్షలో తేలిన హైతీ ఆటగాడు ఎర్న్స్ట్ జాన్-జోసెఫ్‌ను స్వదేశపు అధికారులే కొట్టి వెనక్కి పంపారన్న వార్త జట్టును కుంగదీసింది. పోలెండ్ చేతిలో 0-7తో, అర్జెంటీనా చేతిలో 1-4తో హైతీ ఓడింది. అర్జెంటీనాపై ఆ ఒక్క గోల్ కూడా సనోన్‌దే, అంటే ఆ టోర్నమెంటులో హైతీ చేసిన రెండూ అతనివే.

ప్రపంచకప్ తెచ్చిన గుర్తింపుతో సనోన్ బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగర క్లబ్ బేర్‌స్ఖోట్‌లో చేరి, 1979లో ఆ జట్టు బెల్జియన్ కప్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఆపైన అమెరికాలో శాన్ డియాగో సాకర్స్‌కు ఆడాడు. 2008లో ఫ్లోరిడాలో క్యాన్సర్‌తో మరణించాడు. 1986లో డువాలియే దేశం విడిచి పారిపోయాడు గాని, జోఫ్‌పై పడిన ఆ గోల్‌ను జనం ఎన్నడూ వదులుకోలేదు. 1974 తరువాత మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించడానికి హైతీకి 2025 నవంబరు దాకా పట్టింది కనుక, మధ్యలో పుట్టి పెరిగిన తరాలకు ప్రపంచకప్‌లో హైతీ గోల్ అంటే మన్నో గోలే.