టస్కీగీ (అలబామా): ఒక కౌంటీ కేంద్రం చరిత్ర

టస్కీగీ అమెరికా దక్షిణాది రాష్ట్రమైన అలబామాలో మేకన్ కౌంటీకి కేంద్రం. కౌంటీ అంటే మన జిల్లాలాంటి పరిపాలనా విభాగం. కోర్టు, షెరీఫ్ కార్యాలయం, భూముల దస్తావేజులు, ఓటర్ల నమోదు అన్నీ కౌంటీ కేంద్రంలోనే ఉంటాయి. రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీకి తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణ జనాభా 2020 లెక్కల ప్రకారం 9,395. బుకర్ టి. వాషింగ్టన్ విద్యాలయం, జార్జ్ వాషింగ్టన్ కార్వర్ వేరుశనగ పరిశోధనలు ఈ పేరును ప్రపంచానికి తెలిపాయి. పౌరహక్కుల ఉద్యమంలో పేరుపొందిన రోజా పార్క్స్ 1913లో పుట్టింది ఇక్కడే. అయితే ఊరి చరిత్రను మొదటి నుంచీ నడిపించింది ఓటు.

ఊరి పుట్టుక

ఈ నేల మస్కోగీ క్రీక్ ప్రజలది. 1832 మార్చిలో కుదిరిన కసీటా ఒడంబడికతో వారి భూములపై ఉమ్మడి హక్కు పోయింది. ఆ డిసెంబరులోనే మేకన్ కౌంటీ ఏర్పడింది. మరుసటి ఏడాది థామస్ సింప్సన్ వుడ్‌వర్డ్ ఊరికి హద్దులు గీయించాడు. కొద్ది ఏళ్లలోనే క్రీక్ ప్రజలను మిసిసిపీ నదికి పశ్చిమంగా తరలించేశారు. 1843లో టస్కీగీకి పురపాలక హోదా వచ్చింది. చుట్టూ పత్తి తోటలు, వాటిలో బానిసల చాకిరీ, మధ్యలో కోర్టు ముందరి చదరం, ఆ చదరం చుట్టూ దుకాణాలు: దక్షిణాది కౌంటీ కేంద్రాల పోలిక అంతా ఈ ఊరికీ ఉంది.

ఓటుతో వచ్చిన బడి

అంతర్యుద్ధం తరువాత నల్లజాతి పురుషులకు ఓటు వచ్చింది. 1880 ఎన్నికల్లో డబ్ల్యు.ఎఫ్. ఫోస్టర్ అనే తెల్లజాతి అభ్యర్థి లూయిస్ ఆడమ్స్ మద్దతు కోరాడు. ఒకప్పుడు బానిసగా బతికిన ఆడమ్స్ రేకుల పని, తోలు పని చేస్తూ తన వారిలో పెద్దమనిషి అనిపించుకున్నారు. ఓట్లకు బదులుగా ఆయన అడిగింది ఒక బడి. ఫోస్టర్ గెలిచాడు. ఉపాధ్యాయుల జీతాలకు ఏటా 2,000 డాలర్లు ఇచ్చేందుకు 1881లో శాసనసభ ఒప్పుకుంది. ఆ జూలై 4న, 25 ఏళ్ల బుకర్ టి. వాషింగ్టన్ సుమారు 30 మంది విద్యార్థులతో చర్చి దగ్గరి పాత కొట్టంలో పాఠాలు మొదలుపెట్టారు. తరువాత పాడుబడిన తోట ఒకటి కొన్నారు. విద్యార్థులే ఇటుకలు కాల్చి భవనాలు కట్టారు. 1896లో కార్వర్ వచ్చి చేరారు.

బడిని తెచ్చిన ఆ ఓటు 1901లో పోయింది. చదువు, ఆస్తి, ఓటు పన్ను వంటి షరతులతో అలబామా కొత్త రాజ్యాంగం నల్లవారిని ఓటరు జాబితాల నుంచి దాదాపుగా తుడిచిపెట్టింది. బహిరంగంగా ఓర్పు బోధించిన వాషింగ్టన్, ఈ షరతులపై కోర్టుకు వెళ్లినవారికి రహస్యంగా డబ్బు సమకూర్చారు. ఆయన 1915 నవంబరు 14న కన్నుమూశారు.

నమోదు గది

1923లో నల్లజాతి మాజీ సైనికుల కోసం ఇక్కడ పెద్ద ఆసుపత్రి వెలిసింది. దానిలో తెల్ల వైద్యులే ఉండాలని స్థానిక తెల్లవారు పట్టుబట్టారు. తెల్లజాతి ఆధిపత్యవాద ముఠా కూ క్లక్స్ క్లాన్ ఊరేగింపు తీసింది. విద్యాలయ అధిపతి రాబర్ట్ మోటన్ తగ్గలేదు. మరుసటి ఏడాదికల్లా ఆసుపత్రి నల్లజాతి వైద్యుడి చేతికి వచ్చింది. 1941 నుంచి నల్లజాతి యుద్ధ విమాన చోదకులు శిక్షణ పొందింది కూడా టస్కీగీలోనే.

అలా ఊరు ప్రొఫెసర్లతో, డాక్టర్లతో, నర్సులతో నిండింది. 1950ల నాటికి కౌంటీలో నూటికి 80 మందికి పైగా నల్లవారే. అయినా ఓటరు జాబితాలో తెల్లవారిదే పైచేయి. నమోదు బోర్డు నల్లవారిని ఒక్కసారికి ఇద్దరినే గదిలోకి పిలిచేది. అమెరికా రాజ్యాంగంలోని రెండో అధికరణాన్ని, పేజీలకు పేజీలు, చేత్తో రాయమనేది. బయట వరుసలో నిలబడ్డవారు సాయంత్రం దాకా ఎదురుచూసి ఇళ్లకు వెళ్లేవారు. కొన్నిసార్లు బోర్డు సభ్యులు రాజీనామా చేస్తే నెలల తరబడి నమోదే జరిగేది కాదు. విద్యాలయంలో సాంఘిక శాస్త్రం బోధించే చార్లెస్ గోమిలియన్ ఏళ్లు తిరిగి, తెల్లజాతి ఓటరు పూచీతో 1939లో తన పేరు ఎక్కించుకోగలిగారు.

ఆయన నడిపిన టస్కీగీ పౌర సంఘం పద్ధతి ఓపికగా లెక్కలు రాసిపెట్టడం. ఎవరు ఎప్పుడు దరఖాస్తు పెట్టారో, ఏమైందో విలియం పి. మిచెల్ మనిషి మనిషికీ నమోదు చేశారు. 1958 డిసెంబరులో కేంద్ర పౌరహక్కుల సంఘం మాంట్‌గోమరీలో తొలి విచారణ జరిపినప్పుడు టస్కీగీ సాక్షులు ఆ వివరాలతోనే నిలబడ్డారు.

28 మూలల ఊరు

నల్లజాతి ఓటర్ల సంఖ్య సుమారు 400కు చేరగానే తెల్లజాతి నాయకులకు బెంగ పట్టుకుంది. 1957లో రాష్ట్ర సెనేటర్ శామ్ ఎంగిల్‌హార్ట్ చొరవతో శాసనసభ ఊరి పొలిమేరలనే మార్చేసింది. చదరంగా ఉన్న పట్టణం 28 మూలల వింత ఆకారంగా మారింది. విద్యాలయం ఊరి బయట పడింది. నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరివాళ్లు కాకుండా పోయారు. తెల్లజాతి ఓటరు ఒక్కరూ బయటికి పోలేదు. 1950లో 6,712గా ఉన్న పట్టణ జనాభా 1960 లెక్కల్లో 1,750గా నమోదైంది. జనం ఎక్కడికీ వెళ్లలేదు, గీత జరిగిందంతే.

1957 జూన్ 25న వేలాది మంది చర్చి దగ్గర సమావేశమయ్యారు. తమను గౌరవించే దుకాణాల్లోనే కొందామని తీర్మానించారు. చదరం చుట్టూ ఉన్న తెల్లవారి దుకాణాలు వెలవెలబోయాయి, చాలా వాటికి తాళాలు పడ్డాయి. మరోవైపు గోమిలియన్ తదితరులు మేయర్ లైట్‌ఫుట్ మీద దావా వేశారు. కింది కోర్టులు కొట్టేశాయి. సుప్రీం కోర్టులో న్యాయవాది ఫ్రెడ్ గ్రే పాత, కొత్త హద్దులున్న పెద్ద పటాన్ని న్యాయమూర్తుల ముందు పెట్టారు. ఆ పటమే సగం వాదన చెప్పింది. 1960 నవంబరు 14న, వాషింగ్టన్ మరణించి సరిగ్గా 45 ఏళ్లకు, తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోమిలియన్ పక్షం వహించారు. జాతిని చూసి ఓటు తీసేసేలా హద్దులు గీసే అధికారం రాష్ట్రానికి లేదన్నది తీర్పు సారం. 1961లో పాత పొలిమేరలు తిరిగొచ్చాయి.

బడి, షెరీఫ్, మేయర్

1963 సెప్టెంబరులో 13 మంది నల్లజాతి విద్యార్థులు తెల్లవారి బడి అయిన టస్కీగీ హైస్కూలుకు బయలుదేరితే గవర్నర్ వాలెస్ సాయుధ పోలీసులను పంపి బడి మూయించాడు. వారికి ప్రవేశం తెచ్చిన లీ వర్సెస్ మేకన్ కేసు 1967లో బడుల్లో జాతి వేర్పాటును తొలగించాలని రాష్ట్రమంతటికీ వర్తించే ఆదేశంగా మారింది. 1964లో ఇద్దరు నల్లవారు పట్టణ సభకు ఎన్నికయ్యారు. 1966 జనవరిలో, తెల్లవారి మరుగుదొడ్డి విషయంలో గొడవై, విద్యార్థి నాయకుడు శామీ యంగ్ తుపాకీ గుండుకు బలయ్యారు. నిందితుణ్ని అంతా తెల్లవారే ఉన్న జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఆ ఏడాదే మేకన్ ఓటర్లు లూషియస్ ఆమర్సన్‌ను షెరీఫ్‌గా ఎన్నుకున్నారు. అంతర్యుద్ధం వెంటనే వచ్చిన పునర్నిర్మాణ కాలం తరువాత అలబామాలో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. 1972లో జానీ ఫోర్డ్ మేయర్ అయ్యారు.

మానని గాయాలు

1932 నుంచి 1972 దాకా కేంద్ర ప్రజారోగ్య శాఖ ఈ కౌంటీలోని సుమారు 600 మంది నల్లవారిపై సిఫిలిస్ పరిశీలన సాగించింది. వారిలో 399 మందికి ఆ వ్యాధి ఉంది. జబ్బు పేరు చెప్పలేదు, పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం అందనివ్వలేదు. ఫ్రెడ్ గ్రే వేసిన దావాతో బాధితులకు పరిహారం దక్కింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పారు.

కోర్టు ముందరి చదరాన్ని 1906లో కౌంటీ తెల్లవారి పార్కుగా ఉంచమని అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది (కాన్ఫెడరేట్) సైనికుల వారసురాళ్ల సంఘానికి రాసిచ్చింది. అక్కడ నిలిపిన కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహానికి శామీ యంగ్ కేసు నిందితుడు విడుదలైన రాత్రి విద్యార్థులు నల్లరంగు పూశారు. 2021లో మాజీ మేయర్ ఫోర్డ్ రంపంతో దాని కాలు కోయబోయారు.

తుది మాట

పరిశ్రమలు లేక, దుకాణాలు తిరిగి పుంజుకోక టస్కీగీ ఆర్థికంగా ఇంకా కోలుకోలేదు. ఓటు గెలిచినంత మాత్రాన ఊరు సంపన్నం కాదని ఈ చరిత్ర చెబుతుంది. కానీ ఊరు ఎవరిదన్న ప్రశ్నకు ఇక్కడి వాళ్లు జవాబు రాబట్టారు. ఓటర్ల నమోదుకు తలుపు మూసిన ఆ కౌంటీలోనే లూషియస్ ఆమర్సన్ 20 ఏళ్లు షెరీఫ్‌గా పనిచేశారు.