రొట్టెల పండుగ
నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా వద్ద ఏటా మొహర్రం నెలలో జరిగే పండుగ. యుద్ధంలో నేలకొరిగిన 12 మంది వీరుల సమాధులున్న ఈ చోట హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. కోరిక తీరినవారు చెరువు నీటిలో నిలబడి, అదే కోరికతో వచ్చినవారికి రొట్టె ఇస్తారు: చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె. పుచ్చుకున్నవారు కోరిక నెరవేరాక తిరిగివచ్చి మరొకరికి పంచాలి. ముక్కూమొహం తెలియని మనిషికి బిడ్డ కలగాలని, ఉద్యోగం రావాలని మనసారా కోరుకోవడమే ఈ ఆచారానికి ప్రాణం. అందరి మేలు కోరుతూ బౌద్ధులు సాధన చేసే మైత్రీభావనకు ఇంత దగ్గరి జానపద రూపం అరుదు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు నయమైన కథతో ఈ పండుగ పుట్టుకను ముడిపెడతారు. 2015లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు.