ధాత నామ సంవత్సరంలో రెండు ఏప్రిల్ ఒకట్లు

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన పెద్దలు ఆదాయ వ్యయాలు లెక్కగట్టి వినిపిస్తారు. దొరలకూ అటువంటి ఉగాది ఒకటి ఉండేది. అది ఏప్రిల్ 1వ తేదీ. ప్రభుత్వపు జమాఖర్చుల సంవత్సరం 1867 నుండి ఆ తేదీకే మొదలవుతున్నది. కొత్త పద్దు తెరిచే రోజు గనుక కొత్త ఏర్పాట్లను ఆ రోజుకే ముడిపెట్టడం సర్కారువారికి అలవాటైనది. రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టినది 1935 ఏప్రిల్ 1న. అణాల లెక్క పోయి నయాపైసల లెక్క వచ్చినది 1957 ఏప్రిల్ 1న. ఇవి అందరికీ సంబంధించినవి. ఇంటికి దూరమైన తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించిన ఏప్రిల్ ఒకట్లు మరి రెండు ఉన్నవి.

మొదటిది 1936లోనిది. ఆనాడు బుధవారం. ధాత నామ సంవత్సర ఉగాది వెళ్ళి వారం దాటినది, శ్రీరామనవమి రోజులు. అంతకుముందు రాత్రి వరకు మన బంధుగాం, నారాయణపట్నం, రాయగడ, గుణుపురం అన్నీ మదరాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. జయపురం మహారాజావారి జమీందారీ అది. తెల్లవారేసరికి అదంతా ఒరిస్సా రాష్ట్రం, కోరాపుట్ జిల్లా. కటకంలో రేవెన్షా కళాశాల హాలులో సర్ జాన్ ఆస్టిన్ హబ్బక్ తొలి గవర్నరుగా ప్రమాణం చేశారు. పార్వతీపురం విశాఖపట్నం జిల్లాలోనే ఉండిపోయినది. నిన్నటిదాకా పొరుగూరి సంబంధం చేసుకున్నవారు ఆనాటినుండి పొరుగు రాష్ట్రపు వియ్యంకులైనారు.

ఒడియా సోదరులకు ఇది పండుగ. ఎందుకు కాకూడదు? మదరాసు, బెంగాలు, మధ్యపరగణాలలో ముక్కలుగా పడి ఉన్న జాతి ఒక చోటికి చేరాలని మధుసూదన దాసుగారు 1903లో ఉత్కళ సమ్మేళనం నెలకొల్పారు. ఆ రోజు చూడకుండానే 1934లో కన్నుమూశారు. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి లండను రౌండు టేబులు సమావేశంలో ఆ వాదన వినిపించారు; తీరా ఆయన ఎస్టేటే రెండుగా చీలి పట్టణం అటూ, మిగిలిన చాలా భాగం ఇటూ అయినది. భాష పేరుతో ఏర్పడిన తొలి రాష్ట్రం ఒరిస్సాయే. అదే న్యాయం తెలుగువారికి అందడానికి మరి పదిహేడేండ్లు పట్టి 1953 అక్టోబరు 1 రావలసి వచ్చినది. అయితే భాషనుబట్టి గీసిన ఈ గీత కువీ మాట్లాడే కొండవారి గ్రామాల మీదుగా పోయినది. వారిది తెలుగూ కాదు, ఒడియా కాదు. వారి భాషకు ఆ తగవులో తావే లేకపోయినది.

జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారిని ఇక్కడ స్మరించాలి. ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసినవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. తన జమీందారీ ఒరిస్సాకు పోయినంత మాత్రాన వాల్తేరు చదువులమీద ఆయనకున్న మమకారం పోలేదు. నా మట్టుకు నాకు, రెండు భాషల ఇల్లు ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక రెండవ ఏప్రిల్ 1 సంగతి. అది 1937లోనిది. తమాషా ఏమంటే, అప్పటికీ ధాత సంవత్సరమే! ఆ యేడు అధిక భాద్రపదం పడి పదమూడు నెలలైనవి. ఈశ్వర నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ రెండవ వారానికిగాని రాలేదు. ఆ విధంగా ఒకే తెలుగు సంవత్సరపు చైత్రంలో ఒక ఏప్రిల్ 1, ఫాల్గుణంలో ఇంకొక ఏప్రిల్ 1 పడినవి.

ఆ రెండవ రోజున బర్మా ఇండియానుండి వేరైనది. అంతవరకు బర్మా మన మదరాసువలెనే ఒక రాష్ట్రం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది ఓడలెక్కి రంగూను పోయి రేవులో మూటలు మోశారు, ధాన్యపు మిల్లులలో పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద బర్మావారు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూనులో సగానికి మించి భారతీయులే. అంతకు ఏడాది ముందు, 1930 మే నెలలో, రేవు పనికోసం తెలుగు కూలీలకూ బర్మావారికీ రక్తపాతం జరిగినది. వారి కోపమూ నిష్కారణమని అనలేము. పొట్టకూటి పోటీ అది. 1937 తరువాత మన కూలీ పరదేశి అయినాడు. 1942లో జపాను సేనలు రాగా లక్షలమంది అడవులగుండా నడిచి వచ్చారు, దారిలో పోయినవారెందరో. మిగిలినవారిలో చాలామంది 1960 తరువాతి ఏండ్లలో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట అలా వెలసినదే.

రంగూనువారు సముద్రం దాటినా దేశం దాటలేదనుకున్నారు. సర్కారు పద్దు మారేసరికి పరాయివారైనారు. బంధుగాంవారు వాగు కూడా దాటలేదు, ఉన్నచోటనే ప్రవాసాంధ్రులైనారు. అయినా మన అదృష్టం వేరు. 1931లో పూర్తి అయిన విజయనగరం–రాయపూరు రైలుమార్గానికి ఆ గీత అడ్డు రాలేదు. పార్వతీపురంలో ఎక్కి రాయగడలో దిగడానికి పాసుపోర్టు అక్కరలేదు. జంఝావతి ఇక్కడి నీటినే తీసుకుపోయి నాగావళిలో కలుపుతున్నది. అయితే దానిమీద ఆనకట్ట అనేసరికి మన ఊళ్ళ ముంపు తగవు వచ్చి, అవతలివారు 2006లో రబ్బరు డ్యాముతో సరిపెట్టుకోవలసి వచ్చినది. మనకు మిగిలిన అసలు చిక్కు పిల్లల బడి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లో చేరినది. అధికరణం ఉన్నది సరే, ఇంట్లో అక్షరాలు దిద్దించేది ఎవరు?

ఈ పండుగ సెలవులలో మీ ఇంటి పాత పెట్టె ఒకసారి తెరవండి. తాతలనాటి దస్తావేజులుంటే పిల్లలచేత చదివించండి. 1936కు ముందువైతే వాటిలో మన ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉంటుంది.